డొమైన్ హెల్త్ చెక్‌లో మెయిల్ సర్వర్ వార్నింగ్‌లు: దేన్ని ముందు పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

డొమైన్ సెట్టింగ్‌లను పరీక్షించే ఆన్‌లైన్ టూల్‌లో డొమైన్ పేరు కొట్టి హెల్త్ చెక్ నొక్కగానే ఎర్రవీ పసుపువీ కలిపి పదీ పన్నెండు వార్నింగ్‌లు బయటపడతాయి. మెయిల్ సర్వర్ బాధ్యత మోస్తున్నవాళ్లకు ఆ పేజీ చూస్తేనే టెన్షన్. వెంటనే పైనుంచి కింది దాకా ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోవాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఆ టూల్‌కి మీ మెయిల్ ఎక్కడ నడుస్తోందో తెలియదు, మీకొచ్చిన ఇబ్బందేమిటో అంతకన్నా తెలియదు. కొన్ని పాత లెక్కలతో పోల్చి, తేడా కనిపించినచోటల్లా గుర్తు పెడుతుంది, అంతే.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న ఆఫీసు మెయిల్స్ అన్నీ స్పామ్‌లోకి పోతున్నాయని నన్ను పిలిచారు. రిపోర్టులో అన్నిటికన్నా పైన ఎస్ఓఏ (డొమైన్ నిర్వహణ వివరాలుండే రికార్డు) వార్నింగ్ ఉంది. పైన ఉంది కదా అని రోజంతా దాని మీదే పెట్టాను. అసలు సమస్య కింద ఎక్కడో ఉంది: ఆ డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులున్నాయి (ఆ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పేవి). ఒకదాన్ని తీసేసి రెండో దాంట్లో కలపడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఆఫీసువాళ్లు ఇంకో రోజు అనవసరంగా ఇబ్బంది పడ్డారు. అప్పటినుంచి రిపోర్టు చేతికి రాగానే ముందు వార్నింగ్‌లను వేరుచేసి, తర్వాతే సెట్టింగ్‌ల జోలికి వెళుతున్నాను.

ఎలా వేరుచేయాలంటే, ఎక్కువ వార్నింగ్‌ల వెనక ఉన్నది ఒకే ప్రశ్న. అవతలి సర్వర్ మిమ్మల్ని అడుగుతుంది: "నువ్వు చెప్పుకుంటున్న పేరు నిజంగా నీదేనా?" ఐపీ అడ్రస్ ఒక పేరు చెబుతుంది, సర్వర్ ఒక పేరు చెబుతుంది, సర్టిఫికెట్ మీద ఒక పేరు ఉంటుంది, మెయిల్‌లో ఫ్రమ్ దగ్గర ఇంకో పేరు కనిపిస్తుంది. ఇవన్నీ ఒకదాన్నొకటి బలపరిస్తే మెయిల్ ఇన్‌బాక్స్‌కి చేరే అవకాశం బాగా పెరుగుతుంది. ఏ వార్నింగ్ ఈ ప్రశ్నకు సంబంధించిందో అది ముఖ్యం. కానిది తీరిగ్గా చూసుకోవచ్చు.

ఒక చిన్న మాట. ఇక్కడ రికార్డులు, కమాండ్‌లు అన్నీ తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఉదాహరణకు డొమైన్‌గా ఎగ్జాంపుల్.కామ్‌ని, ఐపీగా 203.0.113.25ని తీసుకున్నాను.

మొదటి అడుగు: ఏదీ మార్చకుండా వివరాలు రాసుకోండి

రిపోర్టు కాపీ ఒకటి దాచుకోండి. ఇప్పుడున్న డీఎన్ఎస్ (డొమైన్ పేర్లను ఐపీలతో కలిపే వ్యవస్థ) రికార్డులన్నీ ఒక ఫైల్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే ఆధారం.

ఆ తర్వాత ఈ మూడింటికి సమాధానం రాసుకోండి. బయటినుంచి మెయిల్స్ ఏ సర్వర్‌కి వస్తున్నాయి? మీ మెయిల్స్ ఏ ఐపీ నుంచి బయటికి వెళుతున్నాయి? మీ డొమైన్ పేరుతో ఇంకెవరెవరు మెయిల్ పంపుతున్నారు?

మొదటిది సులువు. డీఎన్ఎస్‌ని ప్రశ్నించే డిగ్ కమాండ్‌తో ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) అడిగితే తెలిసిపోతుంది. విండోస్‌లో అయితే ఎన్ఎస్‌లుకప్ వాడండి. రెండో ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. లోపలికి వచ్చే దారి, బయటికి వెళ్లే దారి ఒకటే అయి ఉండాలని లేదు. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఫైర్‌వాల్ వెనక ఉన్న సర్వర్ ఒక ఐపీ మీద మెయిల్ తీసుకుని, ఇంకో ఐపీ నుంచి పంపుతూ ఉండొచ్చు. హెల్త్ చెక్ టూల్ చూసేది ఎంఎక్స్ చూపించే ఐపీని. అవతలివాళ్ల స్పామ్ ఫిల్టర్ చూసేది మీరు పంపుతున్న ఐపీని. ఈ రెండూ వేరైతే, రిపోర్టంతా పచ్చగా ఉన్నా మెయిల్స్ తిరిగొస్తూనే ఉంటాయి. మీ సర్వర్ నుంచి బయటి మెయిల్ అకౌంటు ఒకదానికి మెయిల్ పంపి, హెడర్లలో రిసీవ్డ్ అని మొదలయ్యే వరుసలు చూడండి. మీరు బయటికి వెళుతున్న అసలు ఐపీ అక్కడ కనిపిస్తుంది.

మూడో ప్రశ్నకు సమాధానం ఒక్క మనిషి దగ్గర దొరకదు. బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్, న్యూస్‌లెటర్ సర్వీసు, వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారం, సపోర్ట్ టికెట్ల సిస్టమ్, స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్, ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి.

మీ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో మైక్రోసాఫ్ట్ 365లోనో ఉంటే ఇక్కడే సగం పని తగ్గిపోతుంది. బ్యానర్, పీటీఆర్, టీఎల్ఎస్, ట్రాన్సాక్షన్ టైమ్ (ఇవేమిటో కింద చెబుతాను) గురించిన వార్నింగ్‌లు వాళ్ల సర్వర్లకు సంబంధించినవి. మీరు మార్చలేరు, మార్చాల్సిన అవసరమూ లేదు. నేరుగా ఎస్‌పీఎఫ్ దగ్గరికి వెళ్లిపోండి.

రెండో అడుగు: ఓపెన్ రిలే అని ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టండి

"మీ సర్వర్ ఓపెన్ రిలే కావచ్చు" అనే వార్నింగ్ కనిపిస్తే అది నిప్పు అంటుకోవడంతో సమానం. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరి పేరుతోనైనా, ఎవరికైనా మీ సర్వర్ ద్వారా మెయిల్ పంపగలరని దానర్థం. స్పామర్లు ఇలాంటి సర్వర్ల కోసం పగలూ రాత్రీ వెతుకుతూనే ఉంటారు.

నిర్ధారించుకోవడానికి బయటి నెట్‌వర్క్ నుంచి 25 నంబరు పోర్టుకి కనెక్ట్ అవ్వండి. లాగిన్ కాకుండా, మీది కాని డొమైన్ అడ్రస్ నుంచి, మీది కాని ఇంకో డొమైన్ అడ్రస్‌కి మెయిల్ ఇచ్చి చూడండి. గ్రహీత అడ్రస్ చెప్పగానే సర్వర్ తిరస్కరించాలి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయితే సెట్టింగ్‌ని బట్టి 554 5.7.1 లేదా 454 4.7.1 కోడ్‌తో రిలే యాక్సెస్ డినైడ్ అంటుంది. 250 ఓకే అని వస్తే తలుపు తెరిచి ఉన్నట్టే అనుకుని పని మొదలుపెట్టండి. ఇంటి కనెక్షన్లలో, చాలా క్లౌడ్ సర్వర్లలో బయటికి వెళ్లే 25 పోర్టును సర్వీసువాళ్లే ఆపేస్తారు. అక్కడినుంచి కనెక్ట్ కాకపోతే మీ సర్వర్ చెడిపోయిందనుకోకండి. ఇంకోచోటు నుంచి ప్రయత్నించండి.

పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి మూలం ఎక్కువగా మైనెట్‌వర్క్స్ సెట్టింగ్‌లో ఉంటుంది. నమ్మకమైన ఐపీల జాబితా అది. ఎవరో తొందరలో 0.0.0.0/0 (అంటే ఐపీలన్నీ) అని పెట్టేసి ఉంటారు. ఇంకో రకం తప్పు పట్టుకోవడం కష్టం: సర్వర్ డాకర్‌లోనో, ప్రాక్సీ వెనకో ఉన్నప్పుడు బయటినుంచి వచ్చే ప్రతి కనెక్షనూ లోపలి ఐపీ నుంచి, ఉదాహరణకు 172.17.0.1 నుంచి, వచ్చినట్టు కనిపించవచ్చు. లోపలి రేంజ్ మొత్తం నమ్మకమైన జాబితాలో ఉంటే లోకమంతా నమ్మకమైనదైపోతుంది. లాగ్ తెరిచి, బయటి కనెక్షన్లకు అసలు ఐపీలు పడుతున్నాయో లేదో చూడండి. జాబితాలో సర్వర్ సొంత లూప్‌బ్యాక్‌ని (తనతో తాను మాట్లాడుకునే అడ్రస్‌ని) మాత్రం ఉంచి, మనుషులూ ప్రింటర్లూ 587 పోర్టులో పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి పంపేలా చేయడం మంచిది.

మూయడంతో పని అయిపోదు. క్యూలో (బయటికి వెళ్లడానికి ఎదురుచూసే మెయిల్స్ వరుసలో) పేరుకున్న స్పామ్‌ని తీసేయండి, లేకపోతే తలుపు మూశాక కూడా అది బయటికి పోతూనే ఉంటుంది.

మూడో అడుగు: రివర్స్ డీఎన్ఎస్, బ్యానర్, పేరు

అందరికీ ఎదురయ్యే వార్నింగ్ ఇది: "రివర్స్ డీఎన్ఎస్, ఎస్ఎంటీపీ బ్యానర్‌తో సరిపోలడం లేదు." దీన్ని ఒకసారి సరిగ్గా అర్థం చేసుకుంటే మెయిల్ వ్యవహారంలో సగం అర్థమైనట్టే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మామూలు డీఎన్ఎస్‌లో పేరు ఇస్తే ఐపీ వస్తుంది. పీటీఆర్ రికార్డులో ఐపీ ఇస్తే పేరు వస్తుంది. ఎస్ఎంటీపీ అంటే మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి. సర్వర్‌కి ఎవరైనా కనెక్ట్ అయినప్పుడు అది 220 అంటూ తన పేరు చెప్పుకుంటుంది, అది బ్యానర్. తానే మెయిల్ ఇవ్వడానికి ఇంకో సర్వర్ దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పే పేరు హెలో. ఇప్పుడు అవతలి సర్వర్ ఏం చేస్తుందంటే, మీరు వచ్చిన ఐపీకి పీటీఆర్ అడుగుతుంది. వచ్చిన పేరుకి మళ్లీ ఐపీ అడుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి చూపించాలి. వెళ్లిన దారినే తిరిగి రాగలగాలి.

కాబట్టి ముందు ఒక పేరు ఖాయం చేసుకోండి. మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అనుకుందాం. ఆ పేరుకి 'ఏ' రికార్డు (పేరు ఇస్తే ఐపీ చెప్పేది) 203.0.113.25ని చూపించాలి. ఆ ఐపీకి పీటీఆర్ మెయిల్.ఎగ్జాంపుల్.కామ్‌ని చూపించాలి. సర్వర్ బ్యానర్‌లో, హెలోలో అదే పేరు ఉండాలి. రేపు సర్టిఫికెట్ తీసుకునేదీ ఆ పేరు మీదే.

పీటీఆర్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర చాలామంది తడబడతారు. మీ డొమైన్ డీఎన్ఎస్ ప్యానెల్‌లో పీటీఆర్ అని ఒకటి చేర్చి, రోజుల తరబడి ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. అక్కడ పెట్టి లాభం లేదు. పీటీఆర్ ఐపీ యజమాని చేతిలో ఉంటుంది, అంటే ఆ ఐపీ మీకిచ్చిన హోస్టింగ్ కంపెనీ లేదా ఇంటర్నెట్ సర్వీసువాళ్ల దగ్గర. కొందరు తమ కంట్రోల్ ప్యానెల్‌లో రివర్స్ డీఎన్ఎస్ అనే గడి ఇస్తారు, కొందరికి టికెట్ పెట్టాలి. ముందుగా 'ఏ' రికార్డు పెట్టి, అది పనిచేస్తోందని చూశాకే అడగండి. పేరు నుంచి ఐపీకి చూపే ఆ రికార్డు లేకుండా పీటీఆర్ పెట్టడానికి చాలామంది ఒప్పుకోరు. ఒక ఐపీకి ఒకటే పీటీఆర్ చాలు. సర్వర్‌లో ఇరవై డొమైన్లున్నా ఇరవై పీటీఆర్‌లు పెట్టకండి.

డిగ్ కమాండ్‌కి మైనస్ ఎక్స్ తగిలించి ఐపీ ఇస్తే పీటీఆర్ కనిపిస్తుంది. ఐపీ అంకెలనే కలిపి కంపెనీ పెట్టిన డిఫాల్ట్ పేరు వచ్చిందంటే మీ పీటీఆర్ ఇంకా పడలేదు. అలాంటి పేర్లను ఇంటి కనెక్షన్లుగా భావించి తిరస్కరించే సర్వర్లు ఉన్నాయి.

ఇక బ్యానర్. పోస్ట్‌ఫిక్స్‌లో మెయిన్.సీఎఫ్ ఫైల్‌లో మైహోస్ట్‌నేమ్ మారిస్తే బ్యానర్, హెలో రెండూ మామూలుగా దాన్నే అనుసరిస్తాయి. ఎగ్జిమ్ అనే ఇంకో మెయిల్ సర్వర్‌లో దానికి ప్రైమరీ హోస్ట్‌నేమ్ అనే సెట్టింగ్. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్‌లో బయటికి పంపే సెండ్ కనెక్టర్‌లో పేరు మార్చడం తేలికే, రిసీవ్ కనెక్టర్ దగ్గర జాగ్రత్త. ఎక్స్చేంజ్ సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే కనెక్టర్‌లో పేరు మారిస్తే లోపలి మెయిల్ ఆగిపోవచ్చు. బయటివాళ్ల కోసం వేరే కనెక్టర్ పెట్టి అందులో మార్చండి. బ్యానర్‌లో పేరు బదులు వరుసగా నక్షత్రం గుర్తులు కనిపిస్తే తప్పు సర్వర్‌ది కాదు. మధ్యలో ఫైర్‌వాల్ ఎస్ఎంటీపీని తనిఖీ చేస్తూ మాటలు మార్చేస్తోంది. ఆ తనిఖీ ఆపేయాలి.

షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్లకు బ్యానర్‌లో కంపెనీ సర్వర్ పేరే ఉంటుంది, పీటీఆర్ కూడా దాన్నే చూపిస్తే అంతా బాగున్నట్టే. ఆ పేరు మీ డొమైన్ పేరే అయి ఉండక్కర్లేదు.

ఇంకో గోతిలో పడేవాళ్లూ ఎక్కువే: ఐపీవీ6 (కొత్త తరహా పొడవాటి ఐపీ అడ్రస్). సర్వర్‌కి తెలియకుండానే ఐపీవీ6 అడ్రస్ వచ్చి ఉంటుంది, మెయిల్ దానిమీదుగా వెళుతుంది, దానికి పీటీఆర్ ఉండదు. జీమెయిల్ అలాంటివాటిని తిప్పి పంపుతుంది. ఒకరోజు వెళ్లి, ఒకరోజు వెళ్లకపోవడం దీని లక్షణం. దానికీ పీటీఆర్ పెట్టించండి, కుదరకపోతే పోస్ట్‌ఫిక్స్‌ని ఐపీవీ4కే పరిమితం చేయండి.

ఎంఎక్స్ రికార్డు కూడా ఇదే ఊపులో చూసేయండి. అది ఐపీని కాకుండా పేరును చూపించాలి, ఆ పేరు సీనేమ్ (ఇంకో పేరును చూపించే మారుపేరు) కాకూడదు. డీఎన్ఎస్ సర్వీసుగా క్లౌడ్‌ఫ్లేర్ వాడుతుంటే మెయిల్ పేరుకి ప్రాక్సీ ఆపి ఉంచండి. ఆ ప్రాక్సీ వెబ్ పేజీల కోసం, మెయిల్ అందులోంచి సాగదు. ఎప్పుడో పెట్టిన బ్యాకప్ ఎంఎక్స్ ఉంటే, దానికి అసలు సర్వర్‌తో సమానమైన స్పామ్ ఫిల్టర్ లేనప్పుడు తీసేయమనే నా సలహా. స్పామర్లు కావాలనే దాని దగ్గరికి వెళతారు. మీ సర్వర్ కొన్ని గంటలు ఆగినా మెయిల్స్ పోవు, పంపేవాళ్ల సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి.

నాలుగో అడుగు: ట్రాన్సాక్షన్ టైమ్, టీఎల్ఎస్

ట్రాన్సాక్షన్ టైమ్ (సర్వర్ సంభాషణ పూర్తిచేయడానికి పట్టే సమయం) ఎక్కువగా ఉందన్న వార్నింగ్‌కి కంగారు పడేముందు ఒకటి చూడండి. పోస్ట్‌ఫిక్స్‌లో పోస్ట్‌స్క్రీన్ ఆన్ చేసి ఉంటే అది కొత్తవాళ్లను కావాలనే 6 సెకన్లు ఆపుతుంది. ఓపిక లేని స్పామ్ ప్రోగ్రాములు బ్యానర్ పూర్తికాకముందే మాట్లాడి దొరికిపోతాయి. ఆ ఆలస్యం మీకు రక్షణ, పచ్చ టిక్ కోసం దాన్ని తీసేయకండి.

అలాంటిదేమీ లేకుండానే పది ఇరవై సెకన్లు పడుతుంటే కారణం దాదాపు డీఎన్ఎస్ దగ్గరే ఉంటుంది. కనెక్షన్ రాగానే సర్వర్ పీటీఆర్ అడుగుతుంది, బ్లాక్‌లిస్టులను (స్పామ్ పంపే ఐపీల జాబితాలను) అడుగుతుంది. రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికి తెచ్చేది) మెల్లగా ఉన్నా, మూతపడిన బ్లాక్‌లిస్టు పేరు ఇంకా కాన్ఫిగ్‌లో ఉన్నా ప్రతిసారీ ఎదురుచూపే. సోర్బ్స్ అనే బ్లాక్‌లిస్టు 2024 జూన్‌లో ఆగిపోయింది, మీ కాన్ఫిగ్‌లో ఆ పేరుంటే తీసేయండి. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ పెట్టుకుంటే ఇంకో లాభం: స్పామ్‌హౌస్ అనే బ్లాక్‌లిస్టు సంస్థ తన ఉచిత జాబితాను పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా అడిగితే సరైన జవాబు ఇవ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. దాన్ని "జాబితాలో ఉంది" అని పొరబడే సర్వర్ మంచి మెయిల్స్‌ని కూడా తిప్పికొడుతుంది.

టీఎల్ఎస్ (కనెక్షన్‌ని రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్) లేదని వస్తే, మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ పేరు మీద సర్టిఫికెట్ తీసుకుని పోస్ట్‌ఫిక్స్‌లో సర్టిఫికెట్, కీ ఫైళ్ల దారులు ఇచ్చి, ఎస్ఎంటీపీడీ టీఎల్ఎస్ సెక్యూరిటీ లెవెల్‌ని మే (కుదిరితే వాడు) అని పెట్టండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ చాలు. కొత్త సర్టిఫికెట్ వచ్చిన ప్రతిసారీ పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ అయ్యేలా హుక్ రాసి పెట్టండి, లేకపోతే డిస్క్ మీద కొత్తది ఉన్నా సర్వర్ కొంతసేపు పాతదే చూపించవచ్చు. భద్రత పెరుగుతుందని 25 పోర్టులో టీఎల్ఎస్‌ని తప్పనిసరి మాత్రం చేయకండి. టీఎల్ఎస్ లేని పాత సర్వర్ల నుంచి మీకు రావాల్సిన మెయిల్ ఆగిపోతుంది. తప్పనిసరి చేయాల్సింది మీ వాళ్లు లాగిన్ అయ్యే 587, 465 పోర్టుల్లో. టీఎల్ఎస్ 1.0, 1.1 వెర్షన్లకు 2021లోనే కాలం చెల్లింది.

ఐదో అడుగు: ఎస్‌పీఎఫ్

ఇంతవరకు సర్వర్ గుర్తింపు. ఇక్కడినుంచి డొమైన్ గుర్తింపు. ఫలానా ఐపీలు నా పేరుతో మెయిల్ పంపొచ్చు అని డొమైన్ యజమాని ప్రకటించే టెక్స్ట్ రికార్డు ఎస్‌పీఎఫ్.

"ఒకటికన్నా ఎక్కువ ఎస్‌పీఎఫ్ రికార్డులు" అని వస్తే మొదట చెప్పిన ఆఫీసు సంగతి గుర్తుచేసుకోండి. ప్రతి సర్వీసూ తన హెల్ప్ పేజీలో "ఈ రికార్డు చేర్చండి" అంటుంది, మనం ఉన్నదాని పక్కన ఇంకోటి చేరుస్తాం. రెండుంటే రెండూ చెల్లవు, ఫలితం పర్మ్‌ఎర్రర్, అంటే శాశ్వత లోపం. అన్నీ ఒకే వరుసలో కలపాలి. మొదట్లో వి=ఎస్‌పీఎఫ్1 ఒక్కసారే, చివర్లో ఆల్ ఒక్కసారే, మధ్యలో అందరి ఇన్‌క్లూడ్‌లూ (ఆ సర్వీసు జాబితానూ చేర్చుకో అని చెప్పే భాగాలు).

"లుకప్‌లు మరీ ఎక్కువ" అనే వార్నింగ్ ఇంకా మొండిది. 2014లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7208 (ఎస్‌పీఎఫ్ ప్రమాణం) ప్రకారం ఒక ఎస్‌పీఎఫ్‌ని పరిశీలించడానికి 10 డీఎన్ఎస్ లుకప్‌ల కంటే ఎక్కువ అవసరం కాకూడదు. ఇన్‌క్లూడ్, 'ఏ', ఎంఎక్స్, పీటీఆర్, ఎగ్జిస్ట్స్, రీడైరెక్ట్ ఈ లెక్కలోకి వస్తాయి. ఐపీ4, ఐపీ6, ఆల్ రావు. ఒక ఇన్‌క్లూడ్ లోపల మళ్లీ ఉన్న ఇన్‌క్లూడ్‌లు కూడా మీ లెక్కలోనే పడతాయి కాబట్టి పైకి నాలుగే కనిపించినా లోపల పన్నెండు కావచ్చు.

తగ్గించడానికి నేను పాటించే వరుస ఇది. ముందు, ఇప్పుడు వాడని సర్వీసుల ఇన్‌క్లూడ్‌లు తీసేస్తాను, చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది. తర్వాత 'ఏ', ఎంఎక్స్ బదులు నేరుగా ఐపీ4 అని సొంత ఐపీ రాస్తాను. పీటీఆర్ ఉంటే తీసేస్తాను, దాన్ని వాడొద్దని ఆ ప్రమాణమే చెబుతోంది. ఇంకా మిగిలితే న్యూస్‌లెటర్ లాంటివాటిని న్యూస్.ఎగ్జాంపుల్.కామ్ వంటి సబ్‌డొమైన్‌కి మారుస్తాను. సబ్‌డొమైన్‌కి దాని సొంత 10 ఉంటాయి. పెద్ద సర్వీసుల ఇన్‌క్లూడ్‌ని విప్పి ఐపీలన్నీ చేత్తో రాసేయడం నాకు నచ్చదు. వాళ్లు ఐపీ మార్చిన రోజున మీకెవరూ చెప్పరు.

చివరి ఆల్ ముందు ప్లస్ గుర్తు ఉంటే వెంటనే తీసేయండి, లోకంలో ఎవరైనా నా పేరుతో పంపొచ్చు అని దానర్థం. మైనస్ (మిగతావాళ్లను తిరస్కరించు) పెట్టాలా, టిల్డా (మిగతావాళ్లను అనుమానించు) పెట్టాలా అన్న ప్రశ్నకు, మెయిల్ పంపే డొమైన్‌కి టిల్డా పెట్టి గట్టి నిర్ణయాన్ని డీమార్క్‌కి (దీన్నీ డీకిమ్‌నీ కింద చెబుతాను) వదలమంటాను. మైనస్ చూసి డీకిమ్‌ని పట్టించుకోకుండానే తిరస్కరించే సర్వర్లు ఉన్నాయి, ఫార్వర్డ్ అయిన మెయిల్స్ అలా నష్టపోతాయి. అసలు మెయిలే పంపని డొమైన్లకు మాత్రం వి=ఎస్‌పీఎఫ్1 మైనస్ ఆల్ అని తప్పకుండా పెట్టండి. ఖాళీగా ఉన్న డొమైన్ పేర్లంటే మోసగాళ్లకు మహా ఇష్టం.

ఆరో అడుగు: డీకిమ్, డీమార్క్

డీకిమ్ అంటే సర్వర్ ప్రతి మెయిల్ మీదా పెట్టే సంతకం. దాన్ని సరిచూసుకునే పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. కీ 2048 బిట్లు ఉంచండి. టెక్స్ట్ రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు కాబట్టి కీని రెండు ముక్కలుగా కోట్స్‌లో ఇవ్వాల్సి రావచ్చు. కీ కనిపించలేదన్న వార్నింగ్ వస్తే, ముందు మీరు ఏ సెలెక్టర్‌తో (కీని గుర్తించే పేరుతో) వెతికారో చూసుకోండి. సెలెక్టర్ పేరు చెప్పకపోతే టూల్‌కి అది తెలుసుకునే దారి లేదు. పంపిన మెయిల్ హెడర్‌లో డీకిమ్ సంతకం దగ్గర ఎస్= తర్వాత ఉండేదే సెలెక్టర్.

డీమార్క్ మాత్రం నాకు ఈ మొత్తంలో మనసుకు దగ్గరైన విషయం, ఎందుకంటే మీ పేరుతో మీ కస్టమర్లను మోసం చేయకుండా ఆపేది ఇదే. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది (సర్వర్లు తమలో తాము చెప్పుకునే) అడ్రస్‌ని, మనిషి చూసేది ఫ్రమ్ దగ్గర ఉన్న అడ్రస్‌ని. ఈ రెంటి మధ్య ఖాళీని డీమార్క్ పూడుస్తుంది. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్‌లో కనీసం ఒకటి పాస్ కావాలి, పాస్ అయిన డొమైన్ ఫ్రమ్ డొమైన్‌తో కలవాలి. న్యూస్‌లెటర్ సర్వీసు తన సొంత డొమైన్ కవరుతో పంపితే ఎస్‌పీఎఫ్ పాస్ అవుతుంది కానీ మీ డొమైన్‌తో కలవదు. అందుకే అలాంటి ప్రతి సర్వీసులోనూ మీ డొమైన్‌తో డీకిమ్ సంతకం ఆన్ చేయాలి.

రికార్డు అసలు లేకపోతే, అండర్‌స్కోర్ డీమార్క్ అనే పేరుతో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టండి: వి=డీమార్క్1; పీ=నన్; ఆర్‌యూఏ=మెయిల్‌టు: తర్వాత రిపోర్టులు రావాల్సిన అడ్రస్. చాలా ప్యానెళ్లు చివర డొమైన్ పేరును వాటంతటవే చేరుస్తాయి. మీరూ రాస్తే పేరు రెండుసార్లు పడి, రికార్డు ఉన్నా దొరకదు. డీకిమ్‌లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. రిపోర్టులు వేరే డొమైన్‌కి పంపించుకుంటే, ఆ డొమైన్ కూడా తన డీఎన్ఎస్‌లో అంగీకారం రికార్డు పెట్టాలి.

పీ=నన్ అంటే ఫెయిలైన మెయిల్ మీద చర్య వద్దని. అది పెట్టగానే టూల్ మళ్లీ గుర్తు పెడుతుంది: "క్వారంటైన్ లేదా రిజెక్ట్ పాలసీ లేదు." ఈ పసుపు గుర్తును కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి. ఇది మీరు చేసిన తప్పు కాదు, ఇంకా పూర్తికాని పని. రోజూ వచ్చే రిపోర్టుల్లో ఎవరెవరు మీ పేరుతో పంపుతున్నారో, ఎవరు ఫెయిల్ అవుతున్నారో కనిపిస్తుంది. కనీసం నాలుగు వారాలు చూడండి. నెలకోసారి మాత్రమే బిల్లులు పంపే సిస్టమ్ లాంటివి అంతకన్నా ముందు బయటపడవు. మీవన్నీ పాస్ అవుతున్నాయని నమ్మకం కుదిరాక క్వారంటైన్ (స్పామ్‌లో పడేయడం), ఇంకొన్ని వారాలకు రిజెక్ట్ (తిరస్కరించడం). పచ్చ టిక్ కోసం మొదటిరోజే రిజెక్ట్ పెట్టేస్తే మీ మెయిల్స్‌ని మీరే ఆపుకున్నవాళ్లవుతారు.

దీన్ని వాయిదా వేసే కాలం పోయింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిల్ పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలంటున్నాయి. గూగుల్ లెక్కలో పెద్ద సంఖ్య అంటే జీమెయిల్ అకౌంట్లకు రోజుకు 5000 మెయిల్స్. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్.కామ్ కోసం ఇలాంటి నిబంధనే తెచ్చింది.

ఏడో అడుగు: బ్లాక్‌లిస్టులు

జాబితాలో పేరు కనిపించగానే తీసేయమని ఫారం నింపడం తప్పు. ముందు కారణం వెతకండి. లాగ్‌లో ఏ అకౌంటు ఎన్ని మెయిల్స్ పంపిందో లెక్కపెట్టండి, క్యూ చూడండి. పాస్‌వర్డ్ దొంగిలించిన ఒక అకౌంటో, రక్షణ లేని కాంటాక్ట్ ఫారమో ఎక్కువసార్లు కారణమవుతుంది. దాన్ని మూయకుండా పేరు తీయించుకుంటే మళ్లీ ఎక్కుతుంది, రెండోసారి తీయించుకోవడం ఇంకా కష్టం.

ఏ జాబితా అన్నదీ చూడాలి. స్పామ్‌హౌస్‌లో ఎస్‌బీఎల్ (స్పామ్ మూలాల జాబితా), ఎక్స్‌బీఎల్ (హ్యాకైన కంప్యూటర్ల జాబితా) అంటే వెంటనే కదలాలి. పీబీఎల్ అంటే శిక్ష కాదు, ఆ ఐపీ నేరుగా మెయిల్ పంపడానికి ఉద్దేశించింది కాదని అర్థం. మొత్తం నెట్‌వర్క్‌నే జాబితాలో పెట్టి, త్వరగా తీయడానికి డబ్బు అడిగేవీ ఉన్నాయి. వాటివల్ల మీ మెయిల్స్ నిజంగా తిరిగొస్తున్నాయా అని బౌన్స్ మెసేజ్‌లలో చూడండి. రాకపోతే పైసా కట్టకండి.

ఎనిమిదో అడుగు: మిగిలిన డీఎన్ఎస్ వార్నింగ్‌లు

ఎస్ఓఏ ఎక్స్‌పైర్, రీఫ్రెష్, సీరియల్ గురించిన వార్నింగ్‌లు 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1912 సూచనల్లోంచి వచ్చాయి. ఎక్స్‌పైర్ రెండు నుంచి నాలుగు వారాలు, అంటే 1209600 నుంచి 2419200 సెకన్లు ఉండాలని, సీరియల్ తేదీ రూపంలో ఉంటే మంచిదని అందులో ఉంది. సొంతంగా ప్రైమరీ, సెకండరీ నేమ్ సర్వర్లు (డీఎన్ఎస్ జవాబులిచ్చేవి) నడిపేవాళ్లు మార్చుకోవాలి. క్లౌడ్‌ఫ్లేర్, రూట్ 53 లాంటి డీఎన్ఎస్ సర్వీసులు తమ కాపీలను వేరే పద్ధతిలో ఒకేలా ఉంచుకుంటాయి. రూట్ 53లో సీరియల్ మామూలుగా 1 అనే ఉంటుంది. మెయిల్‌కి దానితో సంబంధం లేదు, వదిలేయండి.

"పేరెంట్ దగ్గరున్న నేమ్ సర్వర్లు, మీ దగ్గరున్నవి ఒకటి కావు" అన్నదాన్ని మాత్రం వదలకండి. పేరెంట్ అంటే మీ డొమైన్‌కి పైన ఉండే .కామ్ లాంటిది. డీఎన్ఎస్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) దగ్గర పాత పేరు ఒకటి మిగిలిపోతే, అడిగేవాళ్లలో కొందరికి పాత ఎస్‌పీఎఫ్, కొందరికి కొత్తది కనిపిస్తుంది. ఒకే మెయిల్ ఒకరికి చేరి ఇంకొకరికి చేరకపోవడానికి ఇదీ ఒక కారణం.

మార్చాక సరిచూసుకోవడం

మార్పుకి ఒకరోజు ముందు ఆ రికార్డు టీటీఎల్‌ని (ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పేదాన్ని) 300కి తగ్గించి పెట్టుకుంటే పాత విలువ ఎక్కువసేపు వెంటాడదు. మార్చిన వెంటనే హెల్త్ చెక్ నొక్కి, పాత వార్నింగే వచ్చిందని మళ్లీ మార్చేయకండి. మీ నేమ్ సర్వర్‌నే నేరుగా డిగ్‌తో అడగండి. అక్కడ కొత్త విలువ ఉంటే మీ పని సరిగ్గా ఉన్నట్టు, మిగతాచోట్లకు సమయమివ్వాలి. ఒక్కసారి ఒక్కటే మార్చి, ఏం మార్చారో తేదీతో సహా రాసి పెట్టుకోండి.

ఆఖరి పరీక్ష రిపోర్టు పేజీలో కాదు, అందుకున్న మెయిల్‌లో జరగాలి. మొదట్లో రాసుకున్న జాబితాలోని ప్రతిచోటు నుంచీ, సర్వర్, బిల్లింగ్, న్యూస్‌లెటర్, వెబ్‌సైట్ ఫారం, ప్రింటర్, ఒక్కో మెయిల్ జీమెయిల్ అకౌంటుకి పంపండి. మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పక్కన పాస్ అని ఉందా చూడండి. ఏ ఒక్కచోట డీమార్క్ ఫెయిల్ అని వచ్చినా, ఆ సర్వీసులో డీకిమ్ సెట్టింగ్ దగ్గరికి తిరిగి వెళ్లండి.